సున్నం పడని అల్లుడు

మొన్న అత్తవారింట్లో నాకు హారతి పట్టేరండీ! నవ్వకండి. కొత్తల్లుడికి పట్టే హారతి కాదది. టీ తాగుతూ వినండి, చెబుతాను.

మా ఆవిడ పురిటికని ఎలమంచిలి వెళ్లి నెలలు గడిచిపోయేయి కదా. బెల్లం మార్కెట్లో గుమాస్తా పని ముగించుకుని ఇంటికొస్తే పలకరించే ప్రాణి లేదు. వండుకోవడం, తినడం, గోడ కేసి చూస్తూ కూచోవడం. ఇల్లు బావురుమంటోంది. దీపావళికి తల్లినీ బిడ్డనీ తెచ్చేసుకుందామని మామగారికి కబురు పెట్టేను. తీరా చూస్తే గోడలన్నీ మసి! బిడ్డ మొదటిసారి వస్తోంది, ఇంటికి సున్నం వేయొద్దూ? పండగ ముందు కూలీలెవరు దొరుకుతారు? నేనే కుంచె పట్టేను.

నాకు సున్నం పడదు. తుమ్ములు, దద్దుర్లు. దాన్ని ఎలర్జీ అంటారని డాక్టరుగారు ఎప్పుడో చెప్పేరు. అయినా ముక్కుకి తువ్వాలు కట్టుకుని, సున్నంలో నీలిమందు కలిపి ఇల్లంతా వేసేసేను. గడపలకి పసుపు రాసి బొట్లు పెట్టేను. మామిడాకులు కట్టేను. తుమ్మిన ప్రతిసారీ కుంచెలో సున్నం నా మొహానే పడింది! పొద్దున్న అద్దంలో చూసుకుంటే కళ్లు పూడిపోయి, మొహం నిండా దద్దుర్లు. ఆగొచ్చు కదా? ఆగలేదు. బిడ్డని చూడాలన్న తొందర. బస్సెక్కేసేను.

పక్కనున్న ముసలమ్మ నన్ను చూసి, చటుక్కున లేచి రెండు చేతులూ జోడించింది. ఎంత మర్యాదా అనుకుని నేనూ దండం పెట్టేను.

"తల్లీ, సల్లగా సూడమ్మా! పిల్లలున్నోలం!" అంది.

అప్పుడు వెలిగింది. ఆ దండం నాకు కాదు, నా ఒంటి మీదకొచ్చిందనుకున్న అమ్మవారికి! మశూచి పేరెత్తితే మనవాళ్లంతే కదా. "అమ్మోరు కాదమ్మా, సున్నం!" అన్నాను. ఎవరు వింటారు? పండగ బస్సు, కాలు పెట్టే చోటు లేదు. అలాంటిది కసింకోట దాటేసరికి నా చుట్టుపక్కల ఒక్కరూ లేరు. కండక్టరు టికెట్టు సీటు మీద పడేసి వెళ్లిపోయేడు.

అత్తగారు గుమ్మంలోనే ఆపేసేరు. లోపల బూరెలు వేగుతున్నాయి, కమ్మటి వాసన. నన్ను చూడగానే మూకుడు దింపించేసేరు. అమ్మవారున్న ఇంట్లో నూనె కాగకూడదుట! పసుపునీళ్లు చల్లి, హారతి పట్టి, వీధిగదిలో వేపాకులు పరిచి కూచోబెట్టేరు.

"అత్తయ్యగారూ, ఇది ఎలర్జీ అండీ!"

"తల్లికి ఇంగిలీసు పేర్లెట్టకు బాబూ, కోపం వత్తాది!"

మా ఆవిడ వాకిట్లో దూరంగా నిలబడి బిడ్డని ఎత్తి చూపించింది. "అద్గో, మీ నాన్న" అంది. పూడిపోయిన కళ్లకి బిడ్డ సరిగ్గా ఆనలేదు కూడా. ఎవరి పోలికో తెలీలేదు. నిజం చెబుతున్నాను, ఏడుపొచ్చేసింది. అది చూసి అత్తగారు అమ్మవారికి మళ్లీ దండం పెట్టేరు.

మధ్యాహ్నం చద్దన్నం, పెరుగు. సాయంత్రానికి దద్దుర్లు మాయం! మొహం నున్నగా తేలింది. ఎగిరి గంతేసేను.

"చూసేరా, ఎలర్జీయేనని చెప్పలేదూ! ఇక వీళ్లని పంపించండి."

"ఒక్క పూటలో దిగిపోనాది, ఎంత సల్లని తల్లో! అమ్మోరు దిగేక నీకు తలకి నీల్లు పోసీదాకా పసిగుడ్డుని పంపను బాబూ. పండగెల్లేక సూద్దాం."

"ఒల్లు జాగర్తండీ" అంది మా ఆవిడ కిటికీ అవతల్నించి. ఆ గొంతులోనూ దిగులే.

వెళ్లినవాణ్ణి వెళ్లినట్టే ఒక్కణ్ణీ తిరిగొచ్చేను. తలుపు తీసేనో లేదో, సున్నం ఘాటు. మళ్లీ తుమ్ములు! లోపల నిలవలేక చాపా దిండూ అరుగు మీదకి తెచ్చుకున్నాను. ఆవిడ ఎలమంచిలిలో, నేను అరుగు మీద. మా ఇంట్లో ఇప్పుడు హాయిగా కాపురం చేస్తున్నది ఆ సున్నం ఒక్కటే!