చేదు మా ఇంటి వంతు

ఈ సోమవారం పొద్దున్న కాఫీ తాగుతూ ఫోను తెరిచేసరికి మా తెలుగువాళ్ల సంఘం గ్రూపులో ఒక ప్రకటన కనిపించింది. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు కాబట్టి, ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పిన నాకు దాన్ని కూడబలుక్కునేసరికి కాఫీ చల్లారిపోయింది. ఉగాది గురువారం వచ్చింది గనుక అందరి వీలు కోసం ఆదివారం సాయంత్రం హాల్లో జరుపుకుంటామనీ, పిల్లలు పారేస్తున్నారు గనుక పచ్చడిలో ఈసారి వేపపువ్వు వేయకుండా అరటిపండూ ఎండుద్రాక్షా దండిగా వేయిస్తున్నామనీ దాని సారాంశం. సంఘం కార్యదర్శి మా అన్నయ్య కొడుకే. నా ఒక్కదానికీ విడిగా ఇంకో ముక్క పంపాడు: "అత్తా, ఈసారి నువ్వు వేపపువ్వు తేనక్కర్లేదు. టెన్షన్ లేకుండా ఆరాం చెయ్యి." నేను రిటైరయింది బడి నుంచి గానీ ఉగాది నుంచి కాదు. నా నోరు చేదని మా అన్నయ్య ఎప్పుడూ అంటుండేవాడే, ఇప్పుడు కొడుకు నా చేతిది కూడా చేదని తేల్చాడు.

నా ఈడు వాళ్లు నన్ను అర్థం చేసుకుంటారనే ఆశతో చెబుతున్నాను, ఇది ఐదు రేకుల పువ్వు గొడవ కాదు. నా చిన్నప్పుడు సముద్రం నడుమ ఈ దీవుల్లోనే, ప్రోతరాపూర్‌లో మా సందులో ఆరు ఇళ్లుండేవి. అమ్మ కొత్తగా కాపురానికి వచ్చిన ఏడు, ఉగాది పొద్దున్నే చూసుకుంటే ఇంట్లో పుట్టింటి నుంచి తెచ్చుకున్న వేపపువ్వు తప్ప ఇంకేమీ లేదట. సిగ్గు విడిచి ఇల్లిల్లూ తిరిగి, పక్కన బెంగాలీ ఇంట్లో ఉప్పు, ఎదురుగా తమిళుల ఇంట్లో చింతపండు, సందు చివర మలయాళీల చెట్టు మామిడికాయ, రాంచీవాళ్ల పెరటి మిరపకాయలు, శ్రీకాకుళం వాళ్లింట్లో బెల్లం అడిగి తెచ్చుకుందట. మరుసటి ఏడు అడగకముందే ఆ ఐదిళ్లవాళ్లూ ఎవరిది వాళ్లు పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. అప్పటి నుంచి అదే ఆచారమైపోయింది. ఎవరైనా తమ వంతు కాక ఇంకొకరి వంతు తెస్తే అలకలు కూడా ఉండేవి. చేదు మా వంతు. ఏటా భీమిలి నుంచి అమ్మమ్మ వేపపువ్వు ఎండబెట్టి, గుడ్డలో మూటగట్టి, వైజాగ్‌లో ఇక్కడికి షిప్పు ఎక్కేవాళ్లెవరి చేతికైనా ఇచ్చి పంపేది.

నాకు పదేళ్లప్పుడు ఒక ఉగాదికి ఆ షిప్పు రాలేదు. ఐదిళ్లవాళ్లూ వచ్చేశారు, గిన్నెలో ఐదూ పడ్డాయి, అందరూ అమ్మ వంక చూస్తున్నారు. అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాన్న మలేరియా విభాగంలో ఇల్లిల్లూ తిరిగి సర్కారు మాత్రలు పంచే ఉద్యోగి. ఆ మాత్రల చేదు సందులో అందరికీ తెలిసిందే గనుక, ఒకటి నూరి కలిపేస్తే సరిపోతుంది కదా అన్న మహత్తరమైన ఆలోచన నాదే. నాన్న తల గోక్కుని, అంత పెద్ద గిన్నెకి ఒక్క మాత్రేగా అని, నిజంగానే నూరి కలిపేశాడు. తరువాత పదిహేను మంది మొహాలు ఎలా అయిపోయాయో చెప్పడానికి నేను చదివిన తెలుగు చాలదు. అందరికంటే ముందు నోట్లో వేసుకున్నది బెంగాలీ ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు. నేను దీదీ అని పిలిచేదాన్ని. ఆవిడ కక్కలేక, అతి మర్యాదగా మింగేసి, కొంగుతో కళ్లు తుడుచుకుని నాన్నని అడిగింది, "భయ్యా, ఇస్ సాల్ దుఃఖం కూడా సర్కారీ హై క్యా?" సందంతా నవ్వింది. నాలుగు రోజుల తరువాత షిప్పు వచ్చింది, మూట వచ్చింది, ఆరిళ్లవాళ్లమూ మళ్లీ కూర్చుని అసలు పచ్చడి తిన్నాం.

ఈ కథ మా మేనల్లుడికి చిన్నప్పుడు నేనే వందసార్లు చెప్పాను, అదే నా కొంప ముంచింది. సోమవారం ఫోను చేసి నేను కేకలేస్తే, వాడు పూర్తిగా విని తాపీగా అన్నాడు, "అరె అత్తా, మీ టైమ్‌లో షిప్పు లేటైతే ఉగాది రెండోసారి చేసుకోలేదా? అది చలేగా, మా సండే నహీ చలేగా?" పెద్ద నోరున్నదాన్ని, ఫోను పెట్టేసి వంటింట్లోకి పోయాను. జవాబు ఎప్పుడు తట్టిందంటే, మధ్యాహ్నం గిన్నెలు తోముతుంటే తట్టింది. మేం చేదు దొరకలేదని నాలుగు రోజులు ఆగి మళ్లీ పండగ చేసుకున్నాం, వీళ్లు చేదు దొరుకుతుండగానే దాన్ని వదిలించుకుని చేసుకుంటున్నారు. వెంటనే ఫోను చేశాను. మీటింగులో ఉన్నానన్నాడు.

దొరకడం అంటే మామూలుగా కాదు. ఇప్పుడు ఆస్టినాబాద్‌లో మా పెరట్లోనే అమ్మ నాటిన వేపచెట్టుంది. ఏ షిప్పు కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. ఈ నెలంతా పువ్వు రాలి రాలి, ఊడ్వలేక నడుము పడిపోతోంది. అమ్మ పోయాక ఇన్నేళ్లూ ఆ పువ్వు కోసి, కాడలు తీసి, గుప్పెళ్లకొద్దీ సంఘానికి మోసుకెళ్లినదాన్ని నేను. పిల్లలు పారేస్తున్నారట. మేం మాత్రం ఇష్టపడి తిన్నామా? అమ్మ చూస్తోందని మింగాం. అది తిన్నాకే బెల్లం ముక్క ఇచ్చేది. ఎండుద్రాక్ష వేసుకుని తినేదానికి పచ్చడి అన్న పేరెందుకు, ఫ్రూట్ సలాడ్ అంటే ఎవరు కాదన్నారు?

మంగళవారం దీదీ బాంబూఫ్లాట్ నుంచి ఫోను చేసింది. ప్రోతరాపూర్ సందు చెదిరిపోయి ఎన్నేళ్లయిందో. కొందరు బదిలీల మీద పోయారు, కొందరు మనుషులే పోయారు, నాకు ఆచూకీ ఉన్నది ఈవిడ ఒక్కతే. ఏటా ఆ వారంలో చేసే ఫోనే, అడిగేదీ ఒకటే. "ఛోటీ, మా నమక్ రెడీ. మీ నీమ్ ఎప్పుడు?" నమక్ అంటే వాళ్ల వంతు ఉప్పు, నీమ్ అంటే మా వంతు వేపపువ్వు. ఏటా ఆదివారం వస్తాననీ, వచ్చే ఏడు తప్పకుండా అనీ దాటవేసేదాన్ని, సంఘం పనుల్లో పెద్దమనిషిని కదా. ఈసారి సంఘమే నాకు తీరిక ఇచ్చింది.

గురువారం పొద్దున్నే చాథంలో ఫెర్రీ ఎక్కాను. బాంబూఫ్లాట్ జెట్టీ పక్క దుకాణంలో మిగిలిన నాలుగూ ఒకే సంచిలో కొనుక్కుని వెళ్లాను. దీదీ అప్పటికే ఉప్పు డబ్బా ఒళ్లో పెట్టుకుని వాకిట్లో కూర్చుంది. వాళ్ల కోడలు నా వంక అదోలా చూస్తోంది. బీపీ ఎక్కువైందని దీదీకి ఉప్పు మానిపించారట. నా గోడు కూడా చెప్పుకున్నాను. దీదీ విని, "నా నమక్ డాక్టర్ బంద్ కర్ దియా, నీ నీమ్ మేనల్లుడు బంద్ కర్ దియా. ఇద్దరమూ పెన్షన్‌వాళ్లమే ఛోటీ," అని, కోడలు అటు తిరగగానే కలిపిన పచ్చడిలో రెండే రెండు ఉప్పురాళ్లు వేసింది. నోట్లో పెట్టుకుని నా మొహంలోకి అనుమానంగా చూసి, "సర్కారీ తో నహీ?" అంది. ఇద్దరం నవ్వాం. ఆవిడ నవ్వులో ఇప్పుడు దగ్గు ఎక్కువుంది.

వచ్చేటప్పుడు చారెడు ఉప్పు కాగితంలో పొట్లం కట్టి, ఆదివారం హాల్లో పచ్చడిలో తమ ఇంటి వంతని చెప్పి వెయ్యమంది. ఎల్లుండే ఆదివారం. బల్ల మీద రెండు పొట్లాలున్నాయి, వాటితోనే వెళతాను. ఉప్పుకి మావాడు అడ్డు చెప్పడు, వేపపువ్వు మాత్రం గిన్నె దాకా పోనివ్వడని తెలుసు. ఒళ్లో పెట్టుకుని మొదటి వరసలోనే కూర్చుంటాను, కార్యదర్శిగారు ప్రసంగం చేస్తున్నంత సేపూ దాన్ని చూడాలి.

కోపం తగ్గి ఆలోచిస్తే నాకు గుర్తొస్తున్నది మాత్రం ఆ జెట్టీ దుకాణం. చింతపండూ బెల్లమూ మిరపకాయలూ మామిడికాయా ఒకప్పుడు నాలుగు గుమ్మాల నుంచి, నాలుగు భాషలు మాట్లాడుకుంటూ మా ఇంటికి నడిచి వచ్చేవి. నిన్న ఒక్క నిమిషంలో ఒక్క సంచిలో పడ్డాయి. ఇవన్నీ కలిపి ఏం చేస్తావమ్మా అని ఆ దుకాణంవాడు అడుగుతాడేమోనని కాస్త సేపు నిలబడ్డాను. అడగలేదు. వెనక ఇంకొకరు ఉన్నారు, పక్కకి జరగమన్నాడు.