మెల్లకన్ను గంగమ్మ

చిన్నప్పుడు నేను గీసిన ఏనుగుని చూసి "వంకాయకి కాళ్లెందుకురా?" అన్నారు మేస్టారు. బడి మానేశాను గానీ బొమ్మల పిచ్చి మానలేదు.

ఉప్పెన వచ్చిన మరుసటేడు బందరు వెళ్తే, గిలకలదిండి రేవులో మస్తాన్ గారు కొత్త పడవ మీద గంగమ్మ బొమ్మ వేస్తున్నారు. కేలండర్ దేవతలా కాదు, చేపలబుట్ట దించి బేరమాడే మనిషిలా ఉంది. కళ్లు సముద్రం పోటు వచ్చాకే దిద్దుతారట; అవి దిద్దందే పడవ నీళ్లలోకి దిగదు.

పోటు వచ్చింది. ఒక కన్ను అయింది. ఊరుకోలేక నా వంకాయ కథ చెప్పాను. మస్తాన్ గారు పకపకా నవ్వారు, కుంచె జారి రెండోది మెల్లకన్నయింది. చెరిపి దిద్దేలోగా పోటు తగ్గిపోతుందని పడవాయన తల పట్టుకున్నాడు.

"తప్పయిపోయిందమ్మా" అన్నాను పడవాయన భార్యతో.

"మంచిదేలెండి అన్నయ్యగారూ! ఒక కన్ను సముద్రం మీదుంటే, రెండోది మా ఆయన మీదుంటది."