థర్మాకోల్ కొండ

పోయిన వేసవి సంగతి. మాది చీపురుపల్లి. బల్ల మీద బొమ్మ సైనికులతో యుద్ధం ఆడటమంటే నాకూ, మా అక్క భర్త అప్పన్న బావకీ పిచ్చి. ఆ ఆటకి కావలసిన కొండలూ కోటలూ కొనాలంటే మా వల్ల కాదు. ఫ్రిజ్‌తో వచ్చిన థర్మాకోల్ చెక్కి, మైదా జిగురుతో రంపంపొట్టు అంటించి నేనే చేసేవాణ్ణి.

బావకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. డయాలసిస్ కోసం అక్కతో సహా మా ఇంట్లోనే ఉండేవాడు.

"ఒరే, ఈపాలి మా ఊరి కొండ సెయ్యరా. సిన్నప్పుడు దాని మీదే మేకలు కాసీవోడిని" అన్నాడు. వాళ్ళది కోటబొమ్మాళి దగ్గర పల్లె.

ఎంతో ఇష్టంగా చెక్కాను. అరుగు మీద మంచంలో ఉన్న బావ ముందే, బండికి కొట్టగా మిగిలిన స్ప్రే రంగు కొట్టాను. అంతే! ఆ రంగులోని రసాయనానికి కొండ కరిగిపోయి ఒక పక్కంతా పెద్ద గుంత పడింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

బావ దాన్ని తన వైపు తిప్పుకుని చూశాడు.

"బాగు సెయ్యకురా. క్వారీవోళ్లు తవ్వీసినాక మా కొండ అచ్చం ఇలాగే ఉన్నాది."

తన సైనికుల్ని ఆ గుంతలోనే దాచి ఆట మొదలెట్టాడు. కాసేపటికే ఆయాసపడ్డాడు.

"రేపాడదాం. వంతు నాదే, మర్సిపోకు."

మర్నాడు డయాలసిస్‌కి వెళ్ళిన బావ మళ్ళీ ఇంటికి రాలేదు.

రంగు కొట్టేముందు థర్మాకోల్‌కి కాగితం అంటించాలని ఇప్పుడు తెలుసు. తెలిసి ఏం లాభం? అక్క బల్ల తుడిచినప్పుడు కొండ చుట్టూ తుడుస్తుంది గానీ దాన్ని కదపదు. గుంతలో బావ సైనికులు ఇంకా దాక్కునే ఉన్నారు. వంతు వాళ్ళదే.