పిట్టలాయన

వరసగా మూడు రోజులు సెలవులొస్తే చాలు, ఆ పోస్టాఫీసు గుమాస్తా మెడలో బైనాక్యులర్ వేలాడేసుకుని, పెళ్ళాన్నీ కూతుర్నీ వెంటేసుకుని పక్షుల మడుగుకో, రక్షిత అడవికో బయల్దేరతాడు. ఆఫీసులో ఆయన పేరే పిట్టలాయన. చెప్పులు చప్పుడు చేస్తాయని గుడ్డ బూట్లేస్తాడు. పక్కన ఎవరు దగ్గినా పెదాలకు వేలానించి గుడ్లురుముతాడు. ఆ రోజు పొదలోని పసుపుపొట్ట పిట్ట ఎంతకీ బయటికి రాకపోయేసరికి, ఫోన్లో దాచుకున్న దాని కూతనే వినిపించాడు. రెండో కూతకే అది రివ్వున వచ్చి ఎదుటి కొమ్మ మీద వాలింది. కూతురు చప్పట్లు కొట్టబోయి, నాన్న నేర్పింది గుర్తొచ్చి చేతులు దించేసింది. ఆయన మీసాల కింద నవ్వు దాగలేదు.

వెనకనుంచి అడవి కాపలా ఆవిడ మెల్లగా అంది: "దానికి గూట్లో పిల్లలున్నాయండీ. ఇంకో మగపిట్ట చొరబడిందనుకుని తరమడానికొచ్చింది. ముక్కున పురుగు చూడండి, పిల్లలకి పెట్టకుండానే వచ్చేసింది."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. తడబడుతూ ఫోను ఆపేశాడు.

"ఏమండీ, నేను సరిగ్గా చూళ్ళేదు. ఇంకొక్కసారి పిలవరూ?" అంది, ఆ మాటలు వినపడనంత ఎడంగా ఉన్న భార్య.

ఆయన ఫోను జేబులో వేసేసుకున్నాడు. పిట్ట మాత్రం పురుగును కరుచుకునే, లేని శత్రువు కోసం కొమ్మకొమ్మా వెతుకుతోంది.