ఇంకాస్త గారి ఫ్లాపీ

ఫ్లాపీ మీద ‘ఇంతే పడుతుంది’ అని అచ్చువేసిన అంకెను నమ్మకపోవడం మా సర్వే కార్యాలయపు కంప్యూటర్ ఆపరేటర్ గారి మూల లక్షణం. తక్కినవన్నీ దానికి శాఖలు. ‘నిండిపోయింది’ అని యంత్రం చెప్పినా, మనిషి చెప్పినా ఆయన సమాధానం ఒక్కటే: “ఇంకాస్త పడుతుంది.” అందుచేత అందరికీ ఆయన ఇంకాస్త గారు.

ఆరుగురి లిఫ్టులో ఆయన తొమ్మిదోవారు. ఆయన పోసిన టీ కప్పు అంచు దాటి ఉబ్బి నిలిచేది. కప్పు ఎత్తే సాహసం లేక అందరం వంగి తాగేవాళ్లం.

ఫ్లాపీల విషయంలో మాత్రం ఆయనది తపస్సు. తక్కువ పట్టే ఫ్లాపీ మూలన రంధ్రం తొలిచి, అది ఎక్కువ పట్టే రకమని డ్రైవును నమ్మించేవారు. ఎక్కువ పట్టేదానికి అంచున, కంపెనీ వదిలేసిన ఖాళీలో, సమాచారం పట్టే వలయాలు మరో రెండు గీయించేవారు. డ్రైవు గుర్రుమనేది. నేను అడ్డుపడేదాన్ని.

“పాడైపోతుందేమో బాబాయ్‌గారూ!”

“పోదమ్మా. దానికి మొహమాటం ఎక్కువ. కాస్త బతిమాలాలి.”

ఆ ఏడు నేను ఇంటిపట్టున కుట్టుపని చేసే నాలుగువందల పన్నెండు మంది స్త్రీలను కలిశాను. చివరి ప్రశ్న, ‘ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?’ చెప్పదలచుకున్నారు. ఇంకాస్త గారు అంతా టైపు చేసేసరికి, సర్వేకు ఒకే ఫ్లాపీ అన్న కేంద్ర కార్యాలయ నియమం మమ్మల్ని చూసి నవ్వింది.

“చివరి ప్రశ్నకు అందరికీ ‘కోడ్ తొమ్మిది: ఇతరములు’ అని కొట్టేయండి,” అన్నారు డైరెక్టరు గారు.

నేను జవాబు పత్రాల కట్టను నా వైపు లాక్కున్నాను.

“ఏడుస్తూ చెప్పినావిడ కూడా ఇతరములేనా సార్?” అన్నారు ఇంకాస్త గారు.

“పట్టాలి కదండీ!”

“పట్టిస్తా.”

మూడు రోజుల్లో పన్నెండు ఫ్లాపీలు అమరులయ్యాయి. అంతా పట్టిన పదమూడోదాన్ని ఆయన కార్యాలయంలోని ప్రతి మిషన్లోనూ పెట్టి తెరిచి చూశారు. నేను పత్రాలతో వాక్యం వాక్యం సరిచూశాను. ఒక్క మాట తగ్గలేదు. నా పరిశోధనా శిక్షణ యావత్తూ చేతులు జోడించింది.

“ఇంత కష్టం ఎందుకు పడ్డారు?”

“వాళ్లు పని ఆపుకుని నీకు చెప్పారమ్మా. చోటు లేదని మనమెలా అంటాం?”

ఫ్లాపీ పంపిన వారానికి కేంద్ర కార్యాలయం నుంచి ఫోను వచ్చింది. డైరెక్టరు గారు బిగుసుకుపోయి విని, రిసీవరు పెట్టారు.

“తెరుచుకుందట. వాళ్ల పెద్దాఫీసరు పైపైన చూద్దామని నిలబడే మొదలెట్టారట. మూడువందల ఏడో ఆవిడ దగ్గర కూర్చుండిపోయారట. ఏమందమ్మా ఆవిడ?”

ఇంకేమైనా చెప్తారా అన్నందుకు ఆ పెద్దావిడ ఇచ్చిన జవాబులో మొదటి వాక్యం నాకు కంఠస్థం.

“చెప్తాను గానీ, ముందు నువ్వు కూర్చో.”