అత్తమ్మ టెంక మొక్కలు

వానలు మొదలైన కొన్నాళ్లకే, ఒక ఆదివారం పొద్దున మా అత్తమ్మ కన్నుమూసింది. చర్చికని చీర కట్టుకుని, మంచినీళ్లు తాగుదామని కూర్చున్న మనిషి కుర్చీలోనే ఒరిగిపోయింది. నంద్యాలలో మా వీధికి ఆమె రిటైరైన టీచరమ్మ. మా అమ్మ పోయాక నాకు అమ్మ లేని లోటు తెలియనియ్యని మనిషి.

ఎండాకాలం వస్తే ఆమెకు మామిడిపండు మీద కంటే టెంక మీదే ధ్యాస. ఎవరైనా చీకి పారేయబోతే "ఇట్ల తే" అని చెయ్యి చాపేది. చర్చికొచ్చే ఆడవాళ్లు ఆమె కోసం టెంకలు కవర్లో వేసుకుని వచ్చేవాళ్లు. టెంక లోపలి జీడి ఆరితే మొలవదని ఇంటికి రాగానే పెంకు విప్పి, ఎర్రమట్టి నింపిన నూనె డబ్బాల్లో పూడ్చేది. మరుసటి ఏడాదికి మొక్క పెన్సిలంత లావైతే, దాని తల కోసి మంచి చెట్టు పుల్లను అంటు కట్టేది. మిద్దె మీద కాలు పెట్టే చోటుండేది కాదు. మా మామ విసుక్కుంటే, "నీ మాదిరి మూడు పూటలా కాఫీ అడగవు కదా, ఉండనీలే" అనేది.

"బేనిషా పుల్ల కడితే బేనిషా అంటారు, నీలం కడితే నీలం అంటారు. కింద టెంక ఎవరిదని ఎవురడుగుతారు? కష్టం కిందోళ్లది, పేరు పైనోళ్లది" అని తనే నవ్వేది.

ఆళ్లగడ్డలో మా పుట్టింటి పెరట్లో అమ్మ పెంచిన మామిడి చెట్టుండేది. ఏ రకమో తెలీదు. చిన్న కాయ, పండితే తొక్కతో సహా తినాల్సిందే. ఇల్లు పెంచుకోడానికి తమ్ముడు దాన్ని కొట్టిస్తున్నాడని తెలిసి నేను ఏడుస్తుంటే, అత్తమ్మ నా చేతిలో ఫోన్ లాక్కుంది.

"ఏమప్పా, నీ ఇల్లు నీ ఇష్టం. వాన పడేదాంక మాత్రం ఆగు. నేనొచ్చి పుల్లలు తెచ్చుకోవల్ల."

వాన పడగానే బస్సెక్కింది. తడిగుడ్డలో చుట్టిన పుల్లల్ని ఒళ్లో పెట్టుకుని తిరిగొచ్చింది. ఆ వారంలోనే అక్కడ చెట్టు కొట్టేశారు. ఇక అమ్మ చెట్టంటూ మిగిలింది మా మిద్దె మీదే.

అంటు కట్టి ప్లాస్టిక్ చుడుతుంటే అడిగాను, బతుకుతాయా అని.

"చూసేదానికి ఎండుపుల్ల మాదిరే ఉంటాది. కదిలించొద్దు. లోపల దాని పని అది చేసుకుంటాంటాది. మీ అమ్మ చెట్టు ఈడ కాయకుంటే నన్నడుగు."

అవి చిగురించక ముందే ఆమె పోయింది.

సమాధి చేసి వచ్చిన సాయంత్రం, చర్చి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "ఏడ్చొద్దు తల్లీ. మీ అత్త మొక్కలు వాడిపోతాయని నీళ్లు పోసినా. ప్లాస్టిక్ చుట్టిన ఎండుపుల్లలుంటే అన్నీ పీకేసి శుభ్రం చేసినా."

ఆమెనేమంటాను? ప్రేమతో చేసింది. మిద్దెక్కి చెత్తబుట్టలో చూశాను. పుల్లలన్నీ అందులోనే ఉన్నాయి, కోసిన మొనలు ఎండిపోయి ఇక అతకకుండా. ఒకదాని కొనన మొగ్గ ఉబ్బి, పచ్చగా కనబడుతోంది. అమ్మ కోసమో, అత్తమ్మ కోసమో తెలీకుండా అక్కడే కూర్చుని ఏడ్చాను.

తలలు తెగిన టెంక మొక్కలు మాత్రం పక్కల నుంచి చిగుళ్లు వేశాయి. ఏపుగా ఉన్న ఒకదాన్ని ఆళ్లగడ్డకు తీసుకుపోయాను. తమ్ముడు కొత్త గోడకు కాస్త దూరంగా గుంత తవ్వాడు.

"ఏం రకమక్కా ఇది?"

"ఎవురో తిని మా అత్తకిచ్చిన టెంక. కాయ ఎట్లుంటాదో తెలీదు."

"అయితే మంచి అంటు కట్టించల్ల."

"వద్దురా. ఇది ఇట్లే పెరగనీ."

మట్టి కప్పి నీళ్లు పోశాం. రాగిరంగు లేతాకులు ఇంకా నిలబడే బలం లేక కిందికి వేలాడుతున్నాయి. వాటి మీద సిమెంటు దుమ్ము పడకుండా, తమ్ముడు భుజం మీది తువ్వాలు తీసి చుట్టూ పాతిన నాలుగు పుల్లలకు అడ్డం కట్టాడు.