అటక మీద ఎనిమిదో నెల

ప్రభుత్వం కొబ్బరి కొనుగోలు కేంద్రం తెరిచింది, కాగితాలు చదవడానికి తోడు రమ్మని బాబాయి కబురు చేశాడు. తొంభైల చివర, ఎన్నికల ముందు మాట ఇది. రాజమండ్రిలో ఉదయం ఐదున్నరకు బస్సెక్కాను. రావులపాలెంలో ఇడ్లీ, కాఫీ. ఏడున్నరకు కొత్తపేట. వెళ్లదలచినవారు ఆ బస్సుకే వెళ్లండి, తరువాతి వాటిలో నిలబడే చోటు కూడా దొరకదు.

బాబాయి వ్యానులో బస్తాలు వేసుకుని బస్టాండులోనే ఉన్నాడు. నిండా కురిడీలు. మా వైపు కాయను అటకెక్కించి ఏడాది వదిలేస్తారు. నీరంతా ఇంకి, ఊపితే లోపల కొబ్బరి గలగలలాడాకే దింపి, చిప్ప కొట్టి కురిడీ తీస్తారు.

"అప్పుడే ఏడాదైందా బాబాయ్?"

"ఎనిమిదో నెల్రా. నెలాఖరుకి కేంద్రం మూసేస్తారంట, మంత్రిగారు మైకులో చెప్పేరు. మొత్తం కొట్టించేసేను."

ఆ ఏడాదికి ఇంటికి ఆధారం ఆ కాయలే.

తొమ్మిదింటికి కేంద్రం చేరాం. ప్రారంభోత్సవం నాటి రిబ్బను ముక్క గేటుకు ఇంకా వేలాడుతోంది. గుమస్తా ఒక కురిడీని కోసి, బొటనవేలితో నొక్కి చూశాడు.

"తడుందండి. తీసుకోడం కుదరదండి."

"అటక మీద ఏడాది పడుతుందని మీకు తెలీదాండీ?" అన్నాను.

"ఆయ్, తెలుసండి. మాదీ కొబ్బరి తోటేనండి. ఎలక్షన్లకి ఏడాది లేదు కదండీ."

ఇంతలో మా పక్కనుంచే ఒక లారీ లోపలికి పోయింది. నిరుటి కురిడీలు, బాగా ఎండినవి. కేంద్రం కబురు ఊళ్లకు చేరకముందే రైతుల దగ్గర చవగ్గా కొన్న షావుకారువి. ప్రారంభోత్సవం రోజున మంత్రిగారి పక్క కుర్చీ ఆయనదేనట. ఆయనే నవ్వుతూ మా దగ్గరకు వచ్చాడు.

"నూనెకి నేను తీసుకుంటానండి. సగం ధరేనండి."

చిప్ప కొట్టిన కొబ్బరి మళ్లీ అటకెక్కదు, పది రోజుల్లో బూజు పడుతుంది. బాబాయి బస్తాలు దింపించాడు.

ఒంటిగంటకు కొత్తపేట హోటల్లో భోజనం. బాబాయి సగంలోనే లేచాడు. రెండింటి బస్సు ఎక్కించి, అటక మీద మిగిలిపోతే వెంట తెచ్చిన ఒక్క కాయను నా సంచిలో పెట్టాడు.

"ఈసారి ఓటెవరికి?" కోపం ఆపుకోలేక అడిగాను.

"మంత్రిగారికేరా. కేంద్రం తెరిచేరు కదా పాపం. తొందరపడింది నేనే."

బస్సు గోతిలో పడినప్పుడల్లా సంచిలో కాయ కదిలింది. లోపల ఇంకా నీళ్ల చప్పుడే.